ఎత్తు చూడకపోయినా, అంకె చూస్తే ఇంజిన్ సాయం తీసుకున్నట్టే

మీరు అడిగినవి మూడు. ఆన్‌లైన్‌లో రేటెడ్ చెస్ ఆట (గెలుపోటములతో రేటింగ్ మారే ఆట) ఆడుతూ పక్క ట్యాబ్‌లో స్టాక్‌ఫిష్ అనే చెస్ ఇంజిన్, అంటే ఎత్తులు లెక్కగట్టే ప్రోగ్రామ్ తెరిచి, అది చూపించే ఎత్తులు కనబడకుండా దాచేసి, ఎవరికి ఎంత మేలో చెప్పే ప్లస్, మైనస్ అంకె ఒక్కటే చూస్తే అది మోసమా? మోసమే అయితే, ఎత్తులన్నీ నేను ఆలోచించి వేసినవే కదా, సైటుకు ఎలా తెలుస్తుంది? గెలవాలని కాకుండా పొజిషన్ (బోర్డు మీద పావులు ఉన్న తీరు) అంచనా వేయడం నేర్చుకోవాలని చేస్తే తప్పేమిటి?

మీరు దాచకుండా అడిగారు, కాబట్టి నేనూ దాచకుండా చెప్తాను. అది మోసమే. రేటింగ్ ఉన్న ఆటైనా, సరదాగా ఎవరో తెలియని మనిషితో ఆడే ఆటైనా ఇదే మాట. అంతర్జాతీయ చెస్ సమాఖ్య ఫిడే నియమావళిలో 11.3.1 ఏం చెబుతుందంటే, ఆట నడుస్తున్నంతసేపూ ఆటగాడు రాసిపెట్టుకున్న నోట్సు గానీ, బయటి సమాచారం గానీ, ఎవరి సలహా గానీ వాడకూడదు, ఏ ఆటనూ వేరే బోర్డు మీద విశ్లేషించకూడదు. పక్క ట్యాబ్ అంటే ఆ వేరే బోర్డే. దాని మీద ఆలోచించేది మీరు కాకుండా ఇంజిన్ కావడం విషయాన్ని ఇంకా పెద్దది చేస్తుంది తప్ప తగ్గించదు. ఆన్‌లైన్ చెస్ సైట్లు చెస్ డాట్ కామ్, లీచెస్ రెండూ నడుస్తున్న ఆటలో ఇంజిన్ సాయం ఏ రూపంలోనూ వద్దంటాయి. ఎత్తులు చూస్తే తప్పు, అంకె చూస్తే ఫర్వాలేదు అనే తేడా ఏ నిబంధనలోనూ లేదు.

ఈ సందేహం మీ ఒక్కరిదే కాదు. ఈ తరం ఆటగాళ్లు చెస్ చూడటం మొదలుపెట్టిందే లైవ్ ప్రసారాలతో. బోర్డు పక్కన, ఎవరికి మేలో ఇంజిన్ లెక్క ప్రకారం చూపించే తెలుపు, నలుపు బార్ ఒకటి ఎప్పుడూ కదులుతూ ఉంటుంది. చూసి చూసి అది గడియారం లాగా బోర్డులో ఒక భాగమే అనిపించడం సహజం. కానీ ఆ బార్ చూస్తున్న మీకూ, బోర్డు ముందు కూర్చున్న గ్రాండ్‌మాస్టర్‌కూ తేడా ఎంత ఉందో గమనించండి. ఆయనకు అరగంట ఆలోచించినా తెలియనిది మీకు అర సెకనులో తెలిసిపోతోంది. ‘అయ్యో, ఇక్కడ గెలుపు వదిలేశాడే’ అని మనం అనగలుగుతున్నామంటే అది బార్ పుణ్యమే. ప్రేక్షకుణ్ణి గ్రాండ్‌మాస్టర్ కన్నా తెలివైనవాడిగా నిలబెట్టే వస్తువును ఆటగాడి చేతికి ఇస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా?

మాటలతో కన్నా బోర్డు మీద చూస్తే బాగా అర్థమవుతుంది. పావులు పేర్చుకోండి. పావు పేరు చెప్పని ఎత్తు బంటుది. తెలుపు ఈ4, నలుపు ఈ5. తెలుపు గుర్రం ఎఫ్3, నలుపు డీ6. తెలుపు బిషప్ సీ4కి వచ్చింది. నలుపు బిషప్ జీ4కి వచ్చి ఎఫ్3 గుర్రాన్ని పిన్ చేసింది, గుర్రం కదిలితే వెనకున్న మంత్రి పోతుంది. తెలుపు నాలుగో ఎత్తు గుర్రం సీ3. ఇప్పుడు నలుపు ముందు రెండు ఎత్తులు ఉన్నాయనుకుందాం. ఒకటి జీ6, రెండోది గుర్రం సీ6. చూడటానికి రెండూ మామూలు ఎత్తులే.

నలుపు జీ6 వేస్తే, తెలుపు తన మంత్రిని గాలికి వదిలేసి గుర్రంతో ఈ5 బంటును కొట్టొచ్చు. నలుపు ఆశపడి బిషప్‌తో మంత్రిని కొట్టిందా, తెలుపు బిషప్ ఎఫ్7లో బంటును కొట్టి చెక్ చెబుతుంది. రాజు ఈ7కి పోక తప్పదు, గుర్రం డీ5కి వస్తే మేట్. నలుపు తెలివిగా మంత్రిని ముట్టుకోకుండా డీ6 బంటుతో గుర్రాన్ని కొడితే, తెలుపు మంత్రి జీ4లో బిషప్‌ను కొడుతుంది. లెక్క చూసుకుంటే తెలుపుకు ఒక బంటు లాభం. 18వ శతాబ్దపు ఫ్రెంచ్ ఆటగాడు లెగాల్ పేరు మీద ప్రసిద్ధమైన మేట్ ఇది.

అదే నలుపు జీ6 బదులు గుర్రం సీ6 వేసి ఉంటే? తెలుపు అదే ఎత్తు వేస్తే కొంప మునుగుతుంది. ఈ5లోకి వచ్చిన తెలుపు గుర్రాన్ని సీ6లోని నల్ల గుర్రం కొట్టేస్తుంది. కొట్టి అక్కడే నిలబడి జీ4 బిషప్‌కు కాపలా కూడా కాస్తుంది. తెలుపుకు ఒక బంటు దక్కింది, ఒక గుర్రం పోయింది.

ఇప్పుడు మీ పద్ధతిలో అంకె ఒక్కటే చూస్తున్నారనుకోండి. నలుపు జీ6 వేయగానే అంకె తెలుపు వైపు లేస్తుంది. గుర్రం సీ6 వేస్తే అలా లేవదు. ఇంజిన్ మీకు ఎత్తు చెప్పలేదు, నిజమే. కానీ ‘ఆగు, ఇక్కడ ఏదో ఉంది’ అని ఒకసారి, ‘ఇక్కడ ఏమీ లేదు, ఆ గుర్రం ఆశ మానుకో’ అని ఇంకోసారి చెప్పింది. ఏదో ఉందని తెలిశాక వెతకడం ఎంత పని? కొట్టుడు ఎత్తులు, చెక్‌లు వరసగా చూస్తే దొరికిపోతుంది.

పజిల్స్, అంటే ఇచ్చిన పొజిషన్‌లో గెలిపించే ఎత్తు కనిపెట్టే లెక్కలు చేసేవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. పజిల్ రేటింగ్ 2200 దాటినవాళ్లు కూడా ఆటలో 1500 దగ్గర ఆగిపోవడం మామూలే. ఎందుకంటే పజిల్ తెరిచిన క్షణమే ‘ఇక్కడ గెలుపు ఉంది’ అనే సమాచారం చేతికి వస్తుంది. అసలు ఆటలో ఆ మాట చెప్పేవాళ్లు ఎవరూ ఉండరు. నలభై ఎత్తుల ఆటలో ఏ మూడు చోట్ల ఆగి లోతుగా లెక్కపెట్టాలి, మిగతా చోట్ల ఎక్కడ వేగంగా పోవాలి అన్నది కనిపెట్టడమే చెస్‌లో కష్టమైన పని అని నా నమ్మకం. ఎత్తు కనిపెట్టడం దాని తర్వాతి మాట. అంకె చూసేవాడు ఆ మొదటి పనిని మొత్తంగా ఇంజిన్‌కు అప్పజెప్పేస్తున్నాడు. పైగా సమయం కూడా మిగుల్చుకుంటున్నాడు. అంకె కదలనంతసేపూ ప్రమాదం లేదని తెలుసు కాబట్టి టకటకా వేసేస్తాడు. పది నిమిషాల ఆటలో అది చిన్న లాభం కాదు.

మాగ్నస్ కార్ల్‌సన్ ఒక ఇంటర్వ్యూలో ఈ విషయమే చెప్పాడు. తను మోసం చేయాలనుకుంటే మ్యాచ్‌లో ఒకటి రెండుసార్లు సాయం అందితే చాలు, ఎత్తు కూడా చెప్పనక్కర్లేదు, ఇక్కడ గెలిచే అవకాశం ఉంది, ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి అన్న పాటి సూచన వస్తే తనను ఓడించడం దాదాపు అసాధ్యమవుతుంది అన్నాడు. ప్రపంచ ఛాంపియన్ స్థాయి ఆటగాడికే ఒకటి రెండు సూచనలు అంత బలం అయితే, ప్రతి ఎత్తుకూ అంకె చూసే వ్యక్తి ఎంత సాయం తీసుకుంటున్నాడో మీరే ఆలోచించండి.

ఇంజిన్ బలం గురించి కూడా ఒక మాట. 1997లో డీప్ బ్లూ అనే కంప్యూటర్ అప్పటి ప్రపంచ ఛాంపియన్ కాస్పరోవ్‌ను 3.5-2.5 తేడాతో ఓడించినప్పుడు దానికి ప్రత్యేకంగా తయారు చేసిన పెద్ద యంత్రం కావాల్సి వచ్చింది. 2009లో బ్యూనస్ ఎయిరెస్‌లో జరిగిన కోపా మెర్కోసూర్ టోర్నమెంటులో మామూలు మొబైల్ ఫోన్ మీద నడిచిన పాకెట్ ఫ్రిట్జ్ 4 అనే ఇంజిన్ పది ఆటల్లో 9.5 పాయింట్లు తెచ్చుకుంది. ఇప్పుడు మీ బ్రౌజర్‌లో ఉచితంగా తెరుచుకునే స్టాక్‌ఫిష్ ఆ రెండింటి కన్నా చాలా బలమైంది. ‘కాస్త సాయం’ అనుకుని మీరు పక్కన పెట్టుకుంటున్నది ఏ మనిషీ ఓడించలేని ఆటగాణ్ణి.

ఇక రెండో ప్రశ్న, ఎలా తెలుస్తుంది. పట్టుబడకుండా ఉండటానికి పనికొచ్చేది ఏదీ నేను రాయను. కానీ ‘ఎత్తులు నావే కాబట్టి జాడ ఉండదు’ అన్న నమ్మకం తప్పని చెప్పడం అవసరం.

చాలామంది అనుకునేది ఏమిటంటే, సైటు మీ ఎత్తును ఇంజిన్ మొదటి ఎత్తుతో పోల్చి, ఎక్కువ కలిస్తే పట్టుకుంటుందని. అది మొదటి మెట్టు మాత్రమే. బఫెలో విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ కెన్ రీగన్ ఏళ్ల తరబడి ఈ లెక్కల మీదే పనిచేశారు, ఫిడే కూడా ఆయన పద్ధతులు వాడుకుంది. ఆ పద్ధతి సారాంశం ఇది: ఫలానా రేటింగ్ ఉన్న మనిషి, ఫలానా కష్టమైన పొజిషన్‌లో, ఎంత తరచుగా సరైన ఎత్తు వేస్తాడు, తప్పు వేస్తే సగటున ఎంత నష్టపోతాడు అని ముందే అంచనా కడతారు. అసలు ఆట ఆ అంచనాకు ఎంత దూరంగా పోయిందో చూస్తారు. మీ పద్ధతిలో ఆడేవాడి ఎత్తులు ఇంజిన్ మొదటి ఎత్తులతో అంతగా కలవకపోవచ్చు. కానీ అతని ఆటలో ఇంకో వింత కనిపిస్తుంది. చిన్న తప్పులు అతని రేటింగ్‌కు తగ్గట్టే ఉంటాయి, పెద్ద తప్పులు మాత్రం మాయమవుతాయి. ప్రత్యర్థి తప్పు చేసినప్పుడు దాన్ని పట్టుకునే రేటు అతని స్థాయికి మించి ఉంటుంది. మనిషి నిజంగా మెరుగైతే మామూలుగా చిన్న తప్పులూ, పెద్ద తప్పులూ కలిసే తగ్గుతాయి.

దానికి తోడు సమయం. మనిషి ఏ ఎత్తుకు ఎంతసేపు ఆలోచించాడన్నది అతని మనసు పనిచేసిన తీరును చూపిస్తుంది. తేలిగ్గా కనిపిస్తూ లోపల ఉచ్చు ఉన్న పొజిషన్‌లో 1500 ఆటగాడు సాధారణంగా ఆగడు, ఎందుకంటే ఉచ్చు ఉందని అతనికి తెలియదు. ఒకసారి ఆగితే అదృష్టం, చురుకు. వందల ఆటల్లో ప్రతిసారీ సరిగ్గా అలాంటి చోటే ఆగి, నిజంగా కష్టంగా కనిపించి ఏమీ లేని చోట ఆగకుండా పోతుంటే? సైట్ల దగ్గర ఒక్క ఆట కాదు, మీ ఆటలన్నీ ఉంటాయి. లీచెస్ వాడే ఇర్విన్, కలాదిన్ అనే పరికరాల కోడ్ అందరికీ తెరిచే ఉంది, ఆసక్తి ఉంటే చదువుకోవచ్చు. వాటి మీద మనుషులు కూడా కూర్చుని చూస్తారు.

ఇది చదివి నిజాయితీగా ఆడేవాళ్లు భయపడనక్కర్లేదు. ఒక ఆటలో యాక్యురసీ (మీ ఎత్తులు ఇంజిన్ ఎత్తులకు ఎంత దగ్గరో చెప్పే లెక్క) 95 శాతం రావడం ఏ నేరానికీ రుజువు కాదు. ప్రత్యర్థి పదో ఎత్తులోనే మంత్రిని పోగొట్టుకుంటే ఎవరి యాక్యురసీ అయినా ఎక్కువే వస్తుంది. తెలిసిన ఓపెనింగ్‌లో పదిహేను ఎత్తులు పోయి ఆట త్వరగా ముగిసినా అంతే. ఇదే కారణంగా, ప్రత్యర్థి మీద అనుమానం వచ్చినా చాట్‌లో దొంగ అని తిట్టకండి. రిపోర్ట్ బటన్ నొక్కి ఊరుకోండి. ఖాయమైతే చాలా సందర్భాల్లో మీరు కోల్పోయిన రేటింగ్ పాయింట్లు తిరిగి వస్తాయి. కాకపోతే ఒక అమాయకుణ్ణి అవమానించకుండా తప్పించుకున్నారన్నమాట.

పట్టుబడితే ఖాతా మూసేస్తారు, లేదా నిబంధనలు ఉల్లంఘించిన ఖాతా అని అందరికీ కనిపించేలా గుర్తు పెడతారు. ఆడింది సరదాకే అన్నా లాభం ఉండదు. 2021 జూన్‌లో విశ్వనాథన్ ఆనంద్ విరాళాల కోసం ప్రముఖులతో ఆన్‌లైన్‌లో ఆడినప్పుడు ఒక వ్యాపారవేత్త ఆయన మీద గెలిచి, తర్వాత కంప్యూటర్ల సాయం, తెలిసినవాళ్ల సాయం తీసుకున్నానని ఒప్పుకుని క్షమాపణ చెప్పారు. రేటింగ్ లేదు, బహుమతి లేదు, మంచి పని కోసం పెట్టిన ఆట. అయినా జనం మరిచిపోలేదు.

మూడో ప్రశ్న దగ్గర మీ ఉద్దేశాన్ని నేను నమ్ముతున్నాను. అంచనా వేయడం నేర్చుకోవాలనుకోవడం మంచి కోరిక. కానీ ఆట మధ్యలో అంకె చూస్తే ఆ నేర్పే రాదు. కారణం చెప్పాలంటే ముందు ఆ అంకె ఏమిటో చూడాలి.

పాత లెక్కలో +1 అంటే ఒక బంటు అంత మేలు, దాన్ని నూరు సెంటీపాన్లు అంటారు. 2022 చివర్లో వచ్చిన స్టాక్‌ఫిష్ 15.1 నుంచి ఆ అర్థం మారింది. ఇప్పుడు +1 అంటే, తనంత బలమైన ఇంజిన్‌తో ఆడితే గెలిచే అవకాశం 50 శాతం అని. మనిషికి అదే +1 వేరేలా ఉంటుంది. లీచెస్ దగ్గర 2300 రేటింగ్ స్థాయి ఆటగాళ్ల ఆటల నుంచి తీసిన సూత్రం ఒకటి ఉంది. దాని ప్రకారం +1 అంటే సుమారు 59 శాతం, +3 అంటే సుమారు 75 శాతం. అంటే ఒక గుర్రమో బిషపో లాభంలో ఉన్నా 2300 ఆటగాళ్ల మధ్య ఆట అయిపోలేదన్నమాట. 1200 దగ్గర ఇంకా ఎటైనా తిరగొచ్చు.

0.00 ఇంకా పెద్ద మాయ. రెండు వైపులా ఏమీ లేక చప్పగా ఉన్న పొజిషన్‌కూ 0.00 వస్తుంది. మీ రాజు నడి బోర్డులో నిలబడి, వరసగా ఎనిమిది ఎత్తులు ఒక్కటీ తప్పకుండా వేస్తేనే బతికే పొజిషన్‌కూ 0.00 వస్తుంది. ఆ ఎనిమిది ఎత్తులూ ఇంజిన్ వేయగలదు కాబట్టి దానికి రెండూ ఒకటే. అంకెను నమ్మి ‘సమానంగా ఉందిలే’ అని రెండో దాంట్లోకి దిగినవాడు మూడో ఎత్తుకే కుప్పకూలతాడు. పొజిషన్ చూసి ‘ఎవరికి ఆడటం తేలిక’ అని అడుక్కోవడం మనిషి నేర్చుకోవాల్సిన అంచనా. దానికి ఇంజిన్ దగ్గర అంకె లేదు.

నేర్చుకోవాలంటే ఇలా చేయండి. నా దగ్గరికి వచ్చే పిల్లలతో నేను చేయించేది ఇదే. పదిహేను నిమిషాలు, పది సెకన్ల ఇంక్రిమెంట్ (ప్రతి ఎత్తుకూ కలిసే సమయం) ఉన్న ఆట ఆడండి, అంతకన్నా వేగం వద్దు. ఆట అయిన వెంటనే ఇంజిన్ ఆన్ చేయకుండా, ఆటను మొదటి నుంచి నడిపిస్తూ మూడు నాలుగు ముఖ్యమైన పొజిషన్ల దగ్గర ఆగి ఒక కాగితం మీద మీ అంచనా రాయండి: ఎవరికి మేలు, ఎందుకు, ఆ క్షణంలో నేను దేనికి భయపడ్డాను. అంకె రాస్తే చాలదు, కారణం రాయాలి. ‘తెలుపుకు మేలు, నలుపు రాజు క్యాజిల్ కాలేదు, ఈ-ఫైల్ (ఈ అక్షరం నిలువు వరస) తెరుచుకుంది’ అని ఒక్క వాక్యమైనా ఉండాలి. ఆ తర్వాత ఇంజిన్ తెరవండి.

తెరిచాక ప్రతి ఎత్తు మీదా పడకండి. మీ కాగితానికీ, ఇంజిన్‌కూ బాగా తేడా వచ్చిన చోటు ఒక్కటి పట్టుకోండి. మీరు సమానం అన్నారు, అది +2.5 అంది. ఎందుకని? దానికి రెండు మూడు లైన్లు (ఎత్తుల వరసలు) చూపించమని సెట్టింగ్ మార్చి, మొదటి ఎత్తుకూ రెండో ఎత్తుకూ తేడా ఎంతో చూడండి. మొదటిది +2.5, రెండోది +0.2 అయితే అక్కడ ఒకే ఒక్క ఎత్తు ఉంది, అంటే ఎత్తుగడ ఏదో మీ కంట పడలేదు. మూడు ఎత్తులూ +2 చుట్టూ ఉంటే ఎత్తుగడ కాదు, పొజిషనే బలమైంది, మీకు దాని లక్షణాలు తెలియలేదు. ఈ రెండు లోపాలకూ చేయాల్సిన సాధన వేరు. మొదటిదానికి పజిల్స్, రెండోదానికి మంచి ఆటలు వివరణతో చదవడం. మీకు నచ్చిన ఎత్తు ఎందుకు పనికిరాదో తెలియకపోతే ఇంజిన్ మీద ఆ ఎత్తు వేసి, దాని జవాబు చూసి, మళ్లీ మీరు జవాబు వేస్తూ వాదించండి. మూడు నాలుగు ఎత్తుల్లో కారణం బయటపడుతుంది. ఆట నడుస్తుండగా చూసిన అంకె ఈ పని ఏదీ చేయించదు. మీ అంచనా ఏర్పడకముందే జవాబు వచ్చేస్తుంది, పోల్చుకోవడానికి మీ దగ్గర ఏమీ మిగలదు.

నడుస్తున్న ఆటలోనే ఇంజిన్ పక్కన పెట్టుకుని నేర్చుకోవాలని గట్టిగా ఉంటే దానికీ దారులు ఉన్నాయి. సైటులోని కంప్యూటర్ ఆటగాడు, అంటే బాట్‌తో రేటింగ్ లేకుండా ఆడుకోండి, అవతల మనిషి లేడు. స్నేహితుడితో ఇద్దరూ ఒప్పుకుని విశ్లేషణ బోర్డు మీద కలిసి చూడండి. కరస్పాండెన్స్ చెస్ (ఎత్తుకు రోజుల గడువుండే ఆట) నడిపే అంతర్జాతీయ సంస్థ ఐసీసీఎఫ్‌లో ఇంజిన్ వాడటం నిబంధనల ప్రకారమే అనుమతి, అక్కడ అందరికీ అది తెలుసు, అందరి దగ్గరా ఇంజిన్ ఉంటుంది. కానీ చెస్ డాట్ కామ్ డైలీ ఆటలనూ లీచెస్ కరస్పాండెన్స్ ఆటలనూ దానితో కలపకండి. అక్కడ ఓపెనింగ్ పుస్తకాలు, డేటాబేస్ చూసుకోవచ్చు, ఇంజిన్ మాత్రం కూడదు. లీచెస్‌లో ఎండ్‌గేమ్ టేబుల్‌బేస్ కూడా కూడదు. ఏడు లేదా అంతకన్నా తక్కువ పావులు మిగిలిన పొజిషన్‌కు అది చెప్పేది అంచనా కాదు, ఖాయమైన ఫలితం.

ఇంకో సంగతి మీరు అడగలేదు గానీ చెప్పాలి. స్క్రీన్ షేర్ చేస్తూ ఆడేటప్పుడు అవతల చూస్తున్న స్నేహితుడు బార్ తెరిచి పెట్టుకుని ‘అబ్బా!’ అన్నా అది సాయమే. అతను ఎత్తు చెప్పలేదు, కానీ మీరు ఆగి చూశారు. ఆడేటప్పుడు గొంతు మ్యూట్ చేయమనండి, లేదా ఆట అయ్యాక చూపించండి.

ఇప్పటికే కొన్ని రేటెడ్ ఆటలు ఆ పద్ధతిలో ఆడి ఉంటే, ముందు ఆపేయండి. సైటు అడిగినప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్పండి. కొత్త పేరుతో ఖాతా తెరిచి తప్పించుకోవాలని మాత్రం చూడకండి, అది ఇంకో ఉల్లంఘన అవుతుంది. కొన్నాళ్లు మీ రేటింగ్ పడుతుంది. పడనివ్వండి, మీకు ఎక్కడి నుంచి సాధన మొదలుపెట్టాలో ఆ రేటింగే చెబుతుంది. పైన చెప్పిన పద్ధతిలో ఒక ఆట ఆడి, దాని ఎత్తులతో పాటు కాగితం మీద రాసుకున్న అంచనాలు కూడా ఇక్కడ పెట్టండి. ఎత్తుగడ దగ్గర పోతోందా, పొజిషన్ దగ్గర పోతోందా చూసి చెప్తాను.